ఐస్ హాకీ సమజ్ కావాల్నంటే పదిహేడో నంబరోణ్ని పట్టుకోండ్రి

కాజీపేటల మోటార్ వైండింగ్ షాపు నాది. ఎండాకాలమొస్తే మోటార్లు మస్తు కాలుతయి, రాత్రి పదకొండు దాంక తీగ చుట్టుడే. చేతులు పని మీద, కండ్లు ఫోన్ మీద. ఉక్కపోతకు తెర మీదనన్న మంచు చూద్దామని ఐస్ హాకీ పెట్టిన. పది రోజులు ఏం సమజ్ కాలె. పక్ కనవడితే గదా!

పక్ అంటే నల్ల రబ్బరు బిళ్ల. మూడంగుళాల వెడల్పు, అంగుళం మందం. ఎగిరెగిరి పడొద్దని ఆటకు ముందు ఫ్రీజర్ల పెడ్తరు. దాని వెంట పడ్డరంటే తలనొప్పే. ఒక్క ఆటగాణ్ని పట్టుకోండ్రి, పక్ దానంతటదే కనవడ్తది.

నేను పట్టుకున్నోడు రుస్లాన్ ఫెదోతెంకో. 1979ల కీవ్‌ల పుట్టిండు. అమెరికా లీగ్‌ల ఏటా క్లబ్బులు వంతులవారీగ పోరగాళ్లను ఏరుకుంటయి, దాన్ని డ్రాఫ్ట్ అంటరు. ఈయనను ఎవ్వలు ఏరుకోలె. అయినా ఫిలడెల్ఫియాల ఆడి పేరు తెచ్చుకున్నడు. 2002ల టాంపా వాళ్లు ఈయన కోసం ఆ ఏటి డ్రాఫ్ట్‌ల నాలుగో నంబరుల ఏరుకునే తమ అవకాశాన్నే ఫిలడెల్ఫియాకు ఇచ్చేసిన్రు.

ముందు 2004 జూన్ 7 నాటి మ్యాచ్ వెతకండ్రి. ఆ లీగ్ పెద్ద కప్పు స్టాన్లీ కప్, దాని ఫైనల్ ఏడు మ్యాచ్‌ల దాంక నడుస్తది; ఇది ఏడోది, టాంపా మీద కాల్గరీ. టాంపా జెర్సీల 17 చూడుండ్రి. ముప్పావు నిమిషం ఆడి బెంచీకి పోతడు, పరేషాన్ గాకండ్రి, అందరు గట్లనే మారుతుంటరు. ఆయన లేనప్పుడు చాయ్ తాగుండ్రి.

గడియారం కిందికి దిగుతది. మొదటి పీరియడ్ల (ఇరవై నిమిషాల భాగం) ఆరున్నర నిమిషాలు మిగిలినప్పుడు జర ఆపుండ్రి. కాల్గరోడు ఒకడు తప్పు చేసి శిక్ష పెట్టెల కూసున్నడు, ఐదుగురి మీద నలుగురే. టాంపా రిచర్డ్స్ కొడ్తడు, కాల్గరీ గోల్‌కీపర్ కిప్రుసాఫ్ ఆపుతడు, బిళ్ల జారి ముంగట పడ్తది. 17 ఆడనే ఉంటడు. వెనకకు తిప్పి, కొట్టకముందు ఎక్కడున్నడో చూడుండ్రి. గోల్ ముంగట కర్రలు, మోచేతులు తినుకుంట నిలవడ్డడు. ఇదే ఫైనల్ల మూడో మ్యాచ్‌ల మొఖం మంచు మైదానం చుట్టున్న గోడకు గుద్దుకొని చీరుకపోతే నాలుగోది ఆడనేలేదు. గీ మొండితనం సమజైతే సగం ఆట వచ్చినట్టే.

రెండో పీరియడ్ల ఐదు నిమిషాల చిల్లర మిగిలినప్పుడు టాంపా ఆటగాడు లెకావలియేను చూడుండ్రి, అంచుల మనుషులను తన దిక్కు గుంజుకుంటడు. ఖాళీగున్న 17కు బిళ్ల అందిస్తడు. పై మూలకు గోల్. మ్యాచ్ 2-1, టాంపా గోల్స్ రెండూ ఈయనవే.

2009ల పిట్స్‌బర్గ్ తరఫున ఆడి మళ్ల కప్పు గెలిచిండు. ఆడ 17 వెతకకండ్రి, నంబరు 26. ఆ ఏడో మ్యాచ్ గూడ 2-1నే, కాకపోతే రెండు గోల్స్ ఆయన జట్టు టాల్బట్‌యి. నేను ఈయనవే అనుకొని మా మేనల్లునితోని పందెం కాసి రెండు మిర్చి బజ్జీల ప్లేట్లు పోగొట్టుకున్న.

లైవ్ చూస్తరా? న్యూయార్క్‌ల చలికాలం రాత్రి ఏడంటే మనకు పొద్దుగాల ఐదున్నర. నల్లా వచ్చే యాళ్లనే. బిందె నిండేటాళ్లకు ఒక పీరియడ్ అయిపోతది.