భావ్‌కాపీలో తాలు ఏరడం ఎలా? షేర్ల ధరల పట్టికను ఎక్సెల్‌లో చూసే పద్ధతి

మా బాబాయికి గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్టు ఉంది. ఓ సాయంత్రం ఇంటికొచ్చి, నా ల్యాప్‌టాప్‌లో షేర్ల పట్టిక చూసి, "ఏరా, ఇన్ని వరసల్లో తేజ ఏదో, తాలు ఏదో ఎట్టా తెలుస్తది?" అన్నాడు. తేజ అంటే ఒక మిర్చి రకం, తాలు అంటే ఏరి పక్కన పెట్టే నాసిరకం కాయ. "ముందు తాలు ఏరెయ్యాలి బాబాయ్" అన్నాను. ఆయనకు ఆ రోజు చూపించిందే ఇక్కడ రాస్తున్నాను.

ఫిల్టర్ అనగానే చాలామంది "ఈరోజు బాగా పెరిగినవి ఏవి" అని వెతుకుతారు. నా లెక్కలో అది ఆఖరున చేయాల్సిన పని. యార్డులో క్వింటా ఎంత పలికిందని అడిగేముందు ఏ రకం, ఎన్ని టిక్కీలు (బస్తాలు) అని అడుగుతారు కదా. నాలుగు టిక్కీలకు పలికింది ఆ రోజు రేటు అనిపించుకోదు. ఇక్కడా అంతే.

ఫైలు తెచ్చుకోవడం

మార్కెట్ 9:15కి మొదలై 3:30కి ముగుస్తుంది. ఆ సాయంత్రం ఎన్‌ఎస్‌ఈ (నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజ్) వెబ్‌సైట్‌లో రిపోర్టుల విభాగంలోకి వెళ్లి, డెలివరీ వివరాలు కూడా ఉన్న ఫుల్ భావ్‌కాపీ డౌన్‌లోడ్ చేసుకోండి. భావ్‌కాపీ అంటే ఆ రోజు షేర్ల ధరలన్నీ ఉండే పట్టిక. డబ్బు కట్టక్కర్లేదు. అది సీఎస్‌వీ ఫైలు, ఎక్సెల్‌లో నేరుగా తెరుచుకుంటుంది. వ్యూ మెనూలో ఫ్రీజ్ పేన్స్ నొక్కి పై వరసను కదలకుండా కట్టేయండి. లేకపోతే కిందికి జరిపిన కొద్దీ ఏ కాలమ్ ఏదో తెలియక తికమక పడతారు. తర్వాత కంట్రోల్, షిఫ్ట్, ఎల్ కలిపి నొక్కితే ప్రతి కాలమ్ తల మీద ఫిల్టర్ బాణం గుర్తు వస్తుంది.

కాలమ్‌లు చదవడం

ఓపెన్, హై, లో అంటే అందరికీ తెలిసినవే. తికమక పెట్టేవి లాస్ట్, క్లోజ్. లాస్ట్ అంటే చివరి లావాదేవీ జరిగిన ధర. క్లోజ్ అంటే, ఇన్నేళ్లుగా నడుస్తున్న పద్ధతి ప్రకారం, చివరి అరగంటలో చేతులు మారిన షేర్ల పరిమాణాన్ని బట్టి కట్టిన సగటు. అందుకే రెండూ ఒక్కోసారి కలవవు. పట్టిక తప్పని కంగారు పడకండి. పోలికలకు క్లోజ్‌నే వాడండి.

టర్నోవర్ కాలమ్ లక్షల్లో ఉంటుంది. 5 కోట్లు కావాలంటే 500 అని కొట్టాలి. 5 అని కొడితే 5 లక్షల వ్యాపారం జరిగిన షేర్లు కూడా లోపలికి వచ్చేస్తాయి.

మొదటి ఏరివేత: సిరీస్

యార్డులో తేజ, 341, 334 అన్నట్టు ఇక్కడ సిరీస్. మామూలు షేర్లు ఈక్యూ. డెలివరీ తప్ప ఇంట్రాడే, అంటే కొన్న రోజే అమ్మేయడం, కుదరనివి బీఈ. చిన్న కంపెనీల ఎస్‌ఎంఈ విభాగానివి ఎస్‌ఎం. బంగారు బాండ్లు, ప్రభుత్వ బాండ్లు కూడా ఇదే ఫైల్లో ఉంటాయి. సిరీస్ బాణం నొక్కి, అన్ని టిక్కులూ తీసేసి ఈక్యూ ఒక్కటే పెట్టండి.

ఇక్కడో మెలిక ఉంది. ఈ ఫైల్లో ఈక్యూ అనే మాట ముందు ఒక ఖాళీ స్పేస్ ఉంటుంది. టిక్ పెట్టి ఏరితే ఇబ్బంది లేదు. ఫార్ములా రాస్తే మాత్రం అది ఈక్యూని గుర్తుపట్టదు. ఆ కాలమ్‌ను ఎంచుకుని, ఫైండ్ అండ్ రీప్లేస్‌లో స్పేస్‌ను వెతికి, దాని బదులు ఏమీ పెట్టకుండా మార్చేస్తే సరి.

ఈక్యూ పెట్టినా ఈటీఎఫ్‌లు, అంటే షేర్లలాగే కొని అమ్మే ఫండ్లు, మిగిలిపోతాయి. గోల్డ్‌బీస్, నిఫ్టీబీస్ లాంటివి షేర్ల మధ్య కలిసిపోయి కనిపిస్తాయి. సింబల్ కాలమ్‌లో "డజ్ నాట్ కంటెయిన్" ఎంచుకుని బీస్ (BEES) అని ఇంగ్లీషులో కొడితే కొన్ని పోతాయి. మిగతావి కంటితో ఏరాల్సిందే.

రెండోది: టర్నోవర్

నంబర్ ఫిల్టర్స్‌లో "గ్రేటర్ దాన్" ఎంచుకుని 500 పెట్టండి. నేను 5 కోట్లు పెడతాను, అది నా అలవాటు మాత్రమే. చిన్న మొత్తాలు పెట్టేవాళ్లు ఇంకా తగ్గించుకోవచ్చు. ఈ ఒక్క దెబ్బతో పట్టిక బాగా చిక్కిపోతుంది.

మూడోది: డెలివరీ శాతం

వంద షేర్లు చేతులు మారితే, అదే రోజు తిరిగి అమ్మకుండా ఎన్ని డెలివరీకి వెళ్లాయన్నది ఇది. కొన్ని సిరీస్‌ల వరసల్లో ఇక్కడ అంకె బదులు గీత ఉంటుంది. ఎక్సెల్ పెద్ద నుంచి చిన్నకు సార్ట్ చేసేటప్పుడు అంకెల కంటే ముందు అక్షరాలను పెడుతుంది. కాబట్టి సిరీస్ ఫిల్టర్ పెట్టకుండా సార్ట్ చేస్తే పైనంతా గీతలే కనిపిస్తాయి. బాబాయి సరిగ్గా అదే చేసి, "ఇదేందిరా, అన్నీ గీతలేనా!" అన్నాడు.

ఇక పెరిగినవి, తగ్గినవి

ఫైల్లో మార్పు శాతం ఉండదు, మనమే కట్టుకోవాలి. ఫిల్టర్లు పెట్టకముందే ఈ కాలమ్ తయారు చేసుకుంటే తేలిక. చివరి కాలమ్ పక్కన, క్లోజ్‌లోంచి ప్రీవియస్ క్లోజ్ (ముందు రోజు క్లోజ్) తీసేసి, ప్రీవియస్ క్లోజ్‌తోనే భాగించి, వందతో గుణించే ఫార్ములా రాసి కిందిదాకా లాగండి. ఫిల్టర్ బాణం ఈ కొత్త కాలమ్‌కూ రావాలంటే ఫిల్టర్‌ను ఒకసారి తీసి మళ్లీ పెట్టండి. ఇప్పుడు సార్ట్ చేస్తే కనిపించేది పనికొచ్చే జాబితా. ఏది కొనాలో అది చెప్పదు, ఏది చూడాలో చెబుతుంది.

పాత తేదీల ఫైళ్లతో పోల్చేటప్పుడు ఒక్క జాగ్రత్త. నెస్లే ఇండియా 2024 జనవరి 5న ఒక్కో షేరును పది ముక్కలు చేసింది. ముందు రోజు ఫైల్లో 27 వేల చేరువలో ఉన్న ధర ఆ రోజు ఫైల్లో 2,700 దగ్గర కనిపిస్తుంది. ఎవరికీ నష్టం రాలేదు, పాత ఫైళ్లను ఎవరూ సరిదిద్దరంతే. సగానికో పదో వంతుకో పడిన షేరు కనిపిస్తే ముందు స్ప్లిట్ (ఇలా షేరును ముక్కలు చేయడం), బోనస్ (ఉచితంగా అదనపు షేర్లు ఇవ్వడం) ఏమైనా ఉన్నాయేమో చూడండి.

అంతా అయ్యాక సీఎస్‌వీగానే సేవ్ చేస్తే ఫిల్టర్లు, ఫార్ములాలు పోతాయి. "సేవ్ యాజ్"లో ఎక్సెల్ వర్క్‌బుక్ ఎంచుకుని, పేరులో ఆనాటి తేదీ పెట్టండి.