వ్లాదివోస్తోక్ పేరు ఇంగ్లీషులో తప్పు లేకుండా రాయడం ఎలా

రష్యా రేవు పట్నాల పేర్లలో ఇంగ్లీషులో రాయడానికి ఇంత తేలికైనది అరుదు. రష్యన్‌లో 11 అక్షరాలు, ఇంగ్లీషులోనూ 11. ఒక్కోదానికి ఒక్కోటి సరిగ్గా సరిపోతుంది: వీ, ఎల్, ఏ, డీ, ఐ, వీ, ఓ, ఎస్, టీ, ఓ, కే. నోవోరోసీస్క్ చివరి భాగాన్ని ఒకరు ఐ, వై అని, ఇంకొకరు రెండు ఐలు పెట్టి రాస్తారు. అర్ఖాంగెల్స్క్‌కైతే ఆర్కేంజెల్ అనే పాత ఇంగ్లీషు పేరు కూడా ఉంది. వ్లాదివోస్తోక్‌కు ఆ గొడవ లేదు, ఏ లిప్యంతరీకరణ పద్ధతి పట్టుకున్నా ఒకటే రూపం వస్తుంది.

అయినా తప్పులు పడుతున్నాయంటే కారణం మన అలవాటే. తెలుగు పేర్లను ఇంగ్లీషులో రాసేటప్పుడు 'ద'కు డీ పక్కన హెచ్, 'త'కు టీ పక్కన హెచ్ చేరుస్తాం. ఈ పేరులో హెచ్ ఎక్కడా లేదు. 'వ' అనగానే డబ్ల్యూ రాసేవాళ్లూ ఉన్నారు. అది జర్మన్ వర్ణక్రమం, ఇంగ్లీషులో రెండు చోట్లా వీయే. చివర కేకు ముందు సీ రాదు. రష్యన్లు పలికేది విని రాస్తే మరో పొరపాటు జరుగుతుంది. వాళ్లు చివరి 'తోక్'ను ఊనిపట్టి, దాని ముందున్న 'వో'ను 'వ'లాగా తేల్చేస్తారు. చెవికి 'వ్లాదివస్తోక్' అని వినిపించినా, రాతలో అక్కడ ఉండాల్సింది ఓ, ఏ కాదు.

గుర్తుకోసం పేరును రెండుగా విడదీయండి. 'వోస్తోక్' అంటే తూర్పు. 1961లో గగారిన్ ఎక్కిన అంతరిక్ష నౌక పేరూ అదే, వర్ణక్రమమూ అదే. 'వ్లాది' ఏలడం అనే అర్థమున్న క్రియ నుంచి వచ్చింది. అర్థానికి విడదీయండి గానీ, రాతలో మధ్య ఖాళీ గానీ అడ్డగీత గానీ పెట్టకండి. ఇంగ్లీషులో మాట్లాడేటప్పుడు ఊనిక మూడో పలుకు 'వోస్' మీదైనా, చివరి పలుకు 'తోక్' మీదైనా ఉండవచ్చు. నిఘంటువుల్లో రెండూ కనిపిస్తాయి.

వాక్యంలో పెట్టేటప్పుడు పేరు ముందు 'ది' అక్కర్లేదు. 'ది పోర్ట్ ఆఫ్ వ్లాదివోస్తోక్' అన్నప్పుడు ఆ 'ది' పోర్టుకు చెందినది, ఊరికి కాదు. ఊళ్లో ఉండటానికి 'ఇన్', ఓడ ఆ రేవులో ఆగిందనడానికి 'కాల్డ్ యాట్'. విశేషణం కోసం రష్యన్ పద్ధతిలో చివర 'స్కీ' తగిలించనక్కర్లేదు, పేరును ఉన్నదున్నట్టు నామవాచకం ముందు పెడితే చాలు. రష్యన్లు ముద్దుగా పిలిచే 'వ్లాదిక్' మాత్రం ఇంగ్లీషు కాగితాల్లోకి రానివ్వకండి. కాకసస్‌లో 1784లో పుట్టిన వ్లాదికవ్‌కాజ్ వాళ్లూ తమ ఊరిని అలాగే పిలుచుకుంటారు మరి!

సరుకు కాగితాల్లో పొరపాటు ఖరీదైనది. సరుకు దించే రేవు గడిలో పేరుతోపాటు ఆర్, యూ, వీ, వీ, ఓ అనే అయిదక్షరాల రేవు కోడ్ కూడా రాయండి. 'వోస్తోక్' చూసి 'వోస్తోచ్నీ'తో కలిపేయడం మామూలుగా జరిగేదే; వోస్తోచ్నీ నఖోద్కా దగ్గరున్న వేరే రేవు. ప్రాంతం పేరు 'ప్రిమోర్‌స్కీ క్రాయ్' అని పూర్తిగా రాయండి, లేదా 'ప్రిమోర్యే' అనండి. అరకొరగా 'ప్రిమోర్స్క్' అన్నారో, అది దేశానికి ఆ చివర బాల్టిక్ తీరంలో ఉన్న చమురు రేవు. విమానంలో పంపే సరుకుకు కోడ్ మూడక్షరాలే: వీ, వీ, ఓ. విమానాశ్రయం ఉన్నది పక్కనున్న అర్త్యోమ్ పట్నంలో, కాబట్టి దాని చిరునామాలో ఊరి పేరు మారుతుంది. నగర చిరునామాలో వీధి, ఇంటి నంబరు, ఊరు, ప్రాంతం, పిన్‌కోడ్, దేశం అనే వరస పెట్టుకోండి. పిన్‌కోడ్‌లో ఆరంకెలుంటాయి, మొదటి మూడు 690. వేళ రాస్తే ఏ వేళో చెప్పండి: అక్కడి గడియారం మాస్కో కంటే 7 గంటలు ముందుంటుంది.

ఇక కంటికి కనిపించని తప్పు ఒకటుంది. రష్యన్ పత్రం నుంచి పేరును కాపీ చేసి ఇంగ్లీషులోకి దిద్దేటప్పుడు రష్యన్ ఏ, ఓ అక్షరాలు అలాగే మిగిలిపోతాయి. చూడటానికి ఇంగ్లీషు ఏ, ఓలకూ వాటికీ తేడా ఉండదు, కంప్యూటర్‌కు మాత్రం అవి వేరు. వెతికితే పేరు దొరకదు, జాబితాలో అక్షరక్రమం చెదురుతుంది. పేరును ఇంగ్లీషు కీబోర్డు మీద మొదటినుంచి టైప్ చేసి, పత్రమంతా దానితో వెతకండి. కంటికి కనబడుతూ వెతుకులాటలో చిక్కని చోట్ల పేరును చెరిపి, మళ్లీ టైప్ చేయండి.