అనంతపురం నుంచి అమెరికన్ ఫుట్‌బాల్ పంటర్ కావాలంటే

అమెరికన్ ఫుట్‌బాల్‌లో 10 గజాలు ముందుకు సాగడానికి జట్టుకు 4 అవకాశాలుంటాయి. మూడింటిలోనూ సాధ్యం కానప్పుడు పంటర్ వచ్చి, బంతిని చేతిలోంచి జారవిడిచి, అది నేలను తాకకముందే ప్రత్యర్థి వైపు దూరంగా తన్నుతాడు. అనంతపురం స్పోర్ట్స్ విలేజ్‌లోనో, కళాశాల మైదానంలోనో గోల్‌కీపర్‌గా ఆడేవారికి ఈ పని కొంతవరకు అలవాటే.

అయితే ముందుగా అభ్యసించవలసింది తన్నడం కాదు, బంతిని వదలడం. రెండు కొనలూ మొనదేలిన, సుమారు 400 గ్రాముల ఆ బంతిని, ముందు మొన కాస్త కిందికీ లోపలికీ తిరిగి ఉండేలా పట్టుకొని, పైకి ఎగరవేయకుండా తన్నే కాలి మీదికి జారవిడవాలి. అది గాలిలో ఒరిగితే కాలిలో ఎంత బలమున్నా ప్రయోజనం లేదు కనుక, ప్రతిసారీ ఒకే తీరున పడేవరకు తన్నకుండా ఈ ఒక్క పనే చేయండి. ఆ తర్వాత కాలివేళ్లను చాచి, పాదం పైభాగంలోని గట్టి ఎముకతో తన్నడం నేర్చుకోండి. ఆటలో బంతి ఉన్న గీతకు సుమారు 15 గజాల వెనక నిలబడి, సహచరుడు వెనక్కి విసిరిన బంతిని అందుకున్నాక మీకు దక్కే వ్యవధి దాదాపు 1.3 సెకన్లే.

దూరం చూసి మురిసిపోవద్దు. 45 గజాల తన్నుకు బంతి 4.5 సెకన్లు గాలిలో నిలవాలి. ఆలోగానే సహచరులు పరుగెత్తి దాన్ని అందుకునే ప్రత్యర్థిని చుట్టుముట్టగలరు. పంటర్ రే గైని 1973లో ఓక్లాండ్ రైడర్స్ అనే వృత్తి జట్టు, కొత్త ఆటగాళ్ల వార్షిక ఎంపికలో మొదటి రౌండ్‌లోనే ఎంచుకుందంటే, ఆ ఎత్తైన తన్నులకున్న విలువ అది. రామగిరి కొండలపై గాలిమరలను తిప్పే ఆషాఢపు గాలి మన ప్రాంతానికి దక్కిన మంచి గురువని నా నమ్మకం. ఎదురుగాలిలో బంతిని మరింత కింది నుంచి వదిలి, తక్కువ ఎత్తున పంపడం అప్పుడే వంటబడుతుంది.

2028 ఒలింపిక్స్‌లో చేరిన ఫ్లాగ్ ఫుట్‌బాల్‌లో (ప్రత్యర్థిని పడగొట్టకుండా నడుముకున్న జెండాను లాగే రకం ఆట) పంట్, అంటే ఈ తన్ను, లేదు కాబట్టి అది మీ దారి కాదు. ఆస్ట్రేలియాకు చెందిన పంటర్ మైకేల్ డిక్సన్ అమెరికాలోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో ఆడి, 2018లో వృత్తి జట్టు సియాటిల్ సీహాక్స్‌కు ఎంపికయ్యాడు. మనకూ అమెరికా కళాశాల దారే మేలు. అక్కడి క్రీడార్హతకు హైస్కూలు స్థాయి మార్కులనూ పరిశీలిస్తారు కనుక ఇంటర్‌ను నిర్లక్ష్యం చేయకండి. పైగా అమెరికా వృత్తి లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో ఉన్నవి 32 జట్లే, జట్టుకు సాధారణంగా పంటర్ ఒక్కడే. అందువల్ల చేతికొచ్చే డిగ్రీని కూడా ఆటతో సమానంగా ఎంచుకోవాలి. శిక్షకులకు వీడియో పంపేటప్పుడు బాగా పడిన తన్నులను మాత్రమే ఏరి కూర్చకుండా, వరుసగా పది తన్నులను కత్తిరింపు లేకుండా, బంతి నేలకు దిగేవరకు కనిపించేలా చిత్రీకరించండి.