సింగిల్ యాక్షన్ ఎయిర్‌బ్రష్ విప్పేముందు జాగ్రత్తలు

వానాకాలం వచ్చిందంటే వినాయకుడి బొమ్మల పని, దాంతోపాటే గాలితో రంగు చిమ్మే ఎయిర్‌బ్రష్ కడగడాలూ ఎక్కువవుతాయి. లోపలి సూదీ, రంగు బయటికొచ్చే మూతి అయిన నాజిలూ ఎక్కువగా దెబ్బతినేది ఆ కడిగేటప్పుడే. ఇక్కడ చెబుతున్నది సింగిల్ యాక్షన్ బ్రష్‌ల్లో (ట్రిగ్గర్ నొక్కితే గాలి వదులుతుంది, రంగు ఎంత రావాలో వేరే మరతో సర్దుకోవాలి) బ్యాడ్జర్ 200 మోడల్ లాగా గాలీ రంగూ లోపలే కలిసే రకం గురించి. పాషీ హెచ్ మోడల్ లాంటి బయట కలిసే రకంలో రంగు బయటికొచ్చే కోనూ, సూదీ శుభ్రంగా తుడిస్తే చాలావరకు పని అయిపోయినట్టే.

విప్పేముందే లోపలి రంగు పోవాలి. మిగిలింది పారబోసి, ఆక్రిలిక్ అయితే నీళ్లు, ఎనామెల్ అయితే టర్పెంటైన్, లాకర్ (త్వరగా ఆరే రంగు) అయితే లాకర్ థిన్నర్ పోసి 15–20 పీఎస్ఐ గాలి ఒత్తిడి దగ్గర రంగు కనబడకుండా పోయేదాకా కొట్టండి. ఇది మానేసి సూది లాగితే, దానికంటిన రంగు వెనక ప్యాకింగ్‌లోకి (రంగు వెనక్కి కారకుండా సూది చుట్టూ ఉండే బిరడా) పోయి అక్కడే గట్టిపడుతుంది. థిన్నర్ ఆవిరిని గుడ్డ మాస్కు ఆపదు. అలాంటి ఆవిరిని పీల్చుకునే ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కే పెట్టుకోవాలి. కిటికీలు తెరవాలి. దీపం, అగరుబత్తి ఆ గదిలో ఉండకూడదు.

కంప్రెసర్ ఆపి, గొట్టంలో గాలి వదిలేసి, బ్రష్ ఊడదీయండి. ముందు సూది, తర్వాతే నాజిల్. వెనక పిడి తీసి, సూదిని పట్టి ఉంచే నట్టు వదులుచేసి, తిన్నగా వెనక్కి లాగాలి. సూది ఉండగానే నాజిల్ తిప్పితే మొన వంగుతుంది, నాజిల్ మూతి సాగుతుంది. సూది బిగుసుకుపోతే పటకారుతో పీకకండి. ముందు భాగాన్ని మాత్రం పది నిమిషాలు థిన్నర్‌లో ముంచండి. బ్రష్ మొత్తం ముంచితే రబ్బరు రింగులు ఉబ్బి ట్రిగ్గర్ పట్టేస్తుంది. అమ్మోనియా ఉన్న గ్లాస్ క్లీనర్‌లో నానబెడితే బ్రష్ లోహం మీది పైపూత పోతుంది.

నాజిల్‌లోకి గుండుసూది దూర్చడం అందరూ చేసే పని, అన్నిటికంటే చెడ్డ పని కూడా. పళ్ల సందుల్లో వాడే సన్నటి బ్రష్ చాలు. సూది మొనను దూదిమీద మెల్లగా లాగి చూడండి. పోగు తగులుకుంటే మొన వంగినట్టే. కొద్దిగా వంగితే 2000 నంబరు వాటర్ పేపర్‌ను (నున్నటి గరుకు కాగితం) తడిపి, దానిమీద సూదిని తిప్పుతూ మొనవైపుగా లాగాలి. ఎక్కువ వంగితే కొత్తది కొనడమే మేలు. అలాగే వాడితే రంగు ఒక పక్కకే పడుతుంది, నాజిల్ కూడా గీసుకుపోతుంది.

బిగించేటప్పుడు నాజిల్‌ని వేళ్లతో ఆగేదాకా తిప్పి, పానాతో ఇంకొక్క పిసరు. సన్నటి ఇత్తడి మరలు బలానికి తెగిపోతాయి. రంగు సర్దే మర పూర్తిగా మూసి ఉంచి, సూదిని ఆగేదాకా మెత్తగా తోయండి. గట్టిగా తోస్తే నాజిల్ మూతి చీలుతుంది. ట్రిగ్గర్‌కి ఎయిర్‌బ్రష్ నూనె ఒక్క చుక్క సరిపోతుంది. సిలికాన్ నూనె వాడితే రంగుపూతలో గుండ్రటి గుంటలు పడతాయి.

ఈ కాలంలో రోజూ పని మొదలుపెట్టేముందు కంప్రెసర్ ట్యాంకులో, ఫిల్టర్‌లో చేరిన నీళ్లు దించేయాలి. గాలిలో చెమ్మ మరీ ఎక్కువుంటే లాకర్ తెల్లగా మసకబారుతుంది. ఆ రోజుకి లాకర్ పని ఆపడమే నయం. బిగించాక ముందు నీళ్లు కొట్టి చూడండి. రంగు పోసే కప్పులో బుడగలొస్తే నాజిల్ సరిగా కూర్చోలేదు, లేదా పగిలింది.