పొలం బాట మరమ్మతు ఖర్చు ఇరుగుపొరుగు రైతులు పంచుకోవడం ఎలా?

తారురోడ్డు మీంచి పొలాల్లోకి దిగే బాట గురించి పేచీ ఎప్పుడూ వానల్లోనే, ట్రాక్టర్ దిగబడ్డాకే మొదలవుతుంది. అప్పుడు ఎవరి లెక్క వారికే సబబుగా కనిపిస్తుంది. వాటాలు తేల్చుకోవాల్సింది బాట బాగున్నప్పుడే. గుంటూరు, తెనాలి ప్రాంతాల్లోని నల్లరేగడి నేలను దృష్టిలో పెట్టుకుని ఈ పద్ధతి చెబుతున్నాం.

1. బాట ఎవరిదో ముందు తేల్చండి

గ్రామ సర్వేయర్ దగ్గర ఎఫ్‌ఎంబీ (పొలాల హద్దులు, కొలతలు చూపే సర్వే) పటం చూడండి. డొంక పోరంబోకు అని ఉంటే అది ప్రభుత్వ భూమి. దాని బాగోగుల కోసం గ్రామసభలో అడగాలి, పంచాయతీకి అర్జీ పెట్టాలి. పట్టా భూమిలోంచి పోయే బాటయితే ఖర్చు వాడుకునేవారిదే. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం 25వ సెక్షన్ ప్రకారం దారి హక్కు అనుభవించేవారే మరమ్మతు భరించాలి. కాబట్టి ‘నీ పొలంలోంచి పోతోంది గనక నువ్వే వేయించు’ అనడం కుదరదు. ఆ రైతు కూడా అదే బాట మీద తిరుగుతుంటే అందరితోపాటు వాటా వేసుకోవాలి.

2. కొలిచి, పని అంచనా వేయండి

ఉదాహరణకు 1,600 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పున్న బాటకు 6 అంగుళాల మందాన గ్రావెల్ కావాలనుకుందాం. 1,600ను 10తో, ఆ వచ్చినదాన్ని అర అడుగుతో హెచ్చిస్తే 8,000 ఘనపుటడుగులు. రోలర్ తొక్కితే మట్టి అణుగుతుంది కాబట్టి 30 శాతం కలిపితే 10,400, అంటే యూనిట్‌కు వంద ఘనపుటడుగుల చొప్పున 104 యూనిట్లు. ట్రాక్టర్ ట్రక్కుకు సుమారు ఒక యూనిట్ పడుతుంది. లోడు దిగిన ప్రతిసారీ ఒకరు నిలబడి లెక్క రాయాలి. తక్కువ నింపిన ట్రక్కుల వల్లే తర్వాత డబ్బు దగ్గర అనుమానాలు పుడతాయి.

3. వాటాలు కట్టండి

తలా సమానం అంటే బాట మొదట్లో పొలం ఉన్న రైతు ఒప్పుకోడు. ఎకరాల చొప్పున అంటే మొదట్లో పదెకరాలున్నవాడు, చివర ఎకరం ఉన్నవాడికి రోడ్డు వేసినట్టవుతుంది. అందుకే బాటను ముక్కలు చేసి, ఏ ముక్క ఖర్చు ఆ ముక్క మీదుగా వెళ్లేవారే పంచుకోవడం న్యాయంగా ఉంటుంది.

పైన చెప్పిన బాట మీద 400 అడుగులకొకరు చొప్పున నలుగురు రైతులున్నారనుకోండి. మొత్తం ఖర్చు రూ.2,40,000, ముక్కకు రూ.60,000. మొదటి ముక్కను నలుగురూ, రెండోదాన్ని ముగ్గురూ, మూడోదాన్ని ఇద్దరూ పంచుకుంటారు, నాలుగోది చివరి రైతు ఒక్కడిదే. లెక్క ఇలా తేలుతుంది: మొదటి రైతు రూ.15,000, రెండో రైతు రూ.35,000, మూడో రైతు రూ.65,000, చివరి రైతు రూ.1,25,000.

చివరివాడికి ఇది మోయలేని బరువు. అతను చేతులెత్తేస్తే పనే ఆగిపోతుంది. మా సలహా: సగం ఖర్చు సమానంగా, మిగతా సగం ముక్కల లెక్కన వేయండి. అప్పుడు వరసగా రూ.37,500, రూ.47,500, రూ.62,500, రూ.92,500 అవుతుంది. మొదటి రైతు ఇచ్చే అదనపు డబ్బు దండగేమీ కాదు, అందరి బళ్లూ తొక్కేది అతని ముందున్న బాటనే.

చేపల చెరువు, ఇటుక బట్టీ, కోళ్ల ఫారం ఉన్నవారి లారీలకు ఈ లెక్క చాలదు. వారి దగ్గర ట్రిప్పుకు ఇంత అని విడిగా తీసుకోండి. కౌలు రైతుల విషయంలో పెద్ద మరమ్మతు భూమి యజమానిది, ఏటా చేసే చిన్న పని కౌలుదారుది అని ముందే రాసుకుంటే గొడవ ఉండదు. యజమాని హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉంటే ఆయన తరఫున ఊళ్లో డబ్బు ఇచ్చేదెవరో పేరు రాయించుకోండి.

4. డబ్బు ముందు నీటి దారికి

బాటను పాడుచేసేది చక్రాల కన్నా నీరు. నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. దానిమీద నేరుగా గ్రావెల్ పోస్తే రెండు వానలకే బురదలో కలిసిపోతుంది. కింద 4 అంగుళాల ఇసుక గానీ క్వారీ డస్ట్ గానీ పరిచి, ఆపైన గ్రావెల్‌ను రెండు పొరలుగా వేయండి. ప్రతి పొరనూ తడిపి రోలర్ తొక్కించాలి. పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టాలి, చెయ్యి తడవకూడదు. అదే సరైన తడి.

నడుమ భాగం అంచుల కన్నా రెండున్నర అంగుళాలు ఎత్తుగా ఉండాలి. పక్కన బోదె లేకపోతే ఎంత గ్రావెల్ పోసినా నిలవదు. నీరు అడ్డంగా దాటే చోట 600 మిల్లీమీటర్ల సిమెంటు తూములు వేయండి. అంతకన్నా సన్నవి పూడితే తీయడం కష్టం. తూము మీద రెండడుగుల మట్టి ఉండేలా, దిగువకు కాస్త వాలు ఉండేలా చూడాలి. రెండు చివరలా రాతికట్టు కట్టకపోతే నీరు తూము పక్కనుంచే కోసుకుపోతుంది.

ఇళ్లు పడగొట్టిన ఇటుక ముక్కలు ఉచితంగా వస్తాయని గుంతల్లో పోస్తుంటారు. అవి పొడై బురదవుతాయి, వాటిలోని మేకులు టైర్లు చీలుస్తాయి. గుంతలో నీరు తోడకుండా, అంచులు నిలువుగా చెక్కకుండా పోసినది ఏదైనా లేచిపోతుంది.

5. కాగితం మీద పెట్టండి

వాటాలు, కట్టాల్సిన గడువు, లెక్క చూసే ఇద్దరి పేర్లు, ఇద్దరి సంతకాలతో నడిచే బ్యాంకు ఖాతా ఇవన్నీ స్టాంపు కాగితం మీద రాసుకోండి. అది సంతకాలు చేసినవారిని కట్టిపడేస్తుంది గానీ రేపు ఆ పొలం కొన్నవారిని కాదు. ఒకరి పట్టా భూమిలో కొత్తగా దారి హక్కు ఇస్తుంటే సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయించాలి. అమ్మకం దస్తావేజులో హద్దుల దగ్గర ‘ఉమ్మడి బాట’ అని పడేలా చూసుకోండి.

మిర్చి, పసుపు సొమ్ము చేతికొచ్చే మార్చి, ఏప్రిల్‌లో డబ్బు వసూలు చేసి, తొలకరి లోపు మేలో పని ముగించండి. తుపాన్ల జోరు తగ్గాక డిసెంబరులో ఒకసారి తూములు తీయించండి.

ఒప్పందంలో ఈ మూడు నిబంధనలూ తప్పకుండా రాయండి. దమ్ముకు వాడే ఇనుప కేజ్‌వీల్స్‌తో బాట ఎక్కకూడదు, విప్పాలి లేదా ట్రక్కులో తేవాలి. నీటికోసం బాటకు గండి కొట్టకూడదు, కావాల్సినవారు తమ ఖర్చుతో అడ్డంగా గొట్టం వేయించుకోవాలి. వాన పడ్డ రోజున చైన్ హార్వెస్టర్ దింపితే ఆ ముక్క మరమ్మతు పిలిపించినవారిదే.

6. ఒకరు కట్టకపోతే

బాటకు అడ్డంగా ముళ్లకంప వేయకండి. దారి హక్కున్నవాణ్ని ఆపితే కోర్టులో మీరే తప్పుపట్టించుకుంటారు. బాకీ మొత్తం, పని బిల్లుల నకళ్లు జతచేసి రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపండి. అప్పటికీ కదలకపోతే లోక్ అదాలత్‌కు వెళ్లండి. ఇరువైపులా ఒప్పుకుంటేనే అక్కడ తేలుతుంది, తేలితే మాత్రం ఆ అవార్డు కోర్టు డిక్రీతో సమానం.