సగం పూట పనికి జీతం లెక్కించుకోవడం ఎలా?

కడప వై.వి. వీధిలోని ఒక బట్టల దుకాణంలో మా మేనకోడలికి సాయంత్రాలు కంప్యూటర్‌లో పద్దులు ఎక్కించే పని దొరికింది. డిగ్రీ చదువుతోంది. శని, ఆదివారాలు ఊరికి వెళ్తుంది కాబట్టి సోమవారం నుంచి శుక్రవారం దాకా, నాలుగు నుంచి తొమ్మిది వరకు పని. "రోజంతా చేసేవాళ్లకు 15,600 ఇస్తున్నాం. నీది సగం పూటే కదమ్మా, 7,800 తీసుకో" అన్నారట యజమాని. మనిషి మంచివాడే, లెక్కే కాకిలెక్క.

ముందుగా పూటలను పక్కన పెట్టి వారానికి ఎన్ని గంటలో చూడండి. అక్కడ పూర్తికాలం పనివాళ్లు పదికి వచ్చి ఏడుకు వెళ్తారు. భోజనానికి గంట తీసేస్తే రోజుకు 8, ఆరు రోజులకు 48 గంటలు. మా అమ్మాయివి ఐదైదులు ఇరవై ఐదు.

ఇప్పుడు పూర్తి జీతాన్ని పూర్తి గంటలతో భాగించండి. 15,600ను 48తో భాగిస్తే 325. అంటే వారంలో చేసే ఒక్కో గంటకు నెల జీతంలో 325 రూపాయలు. దాన్ని 25తో హెచ్చిస్తే 8,125. యజమాని చెప్పినదానికీ దీనికీ తేడా నెలకు 325, ఏడాదికి 3,900.

ఇక్కడ ఒక మెలిక ఉంది. కొందరు భోజనం గంటను కూడా కలిపి పూర్తికాలం వారానికి 54 గంటలు అంటారు. అప్పుడు మన జీతం 7,222కు పడిపోతుంది. సాయంత్రం వచ్చేవాళ్లకు భోజన విరామమే లేనప్పుడు, ఎదుటివాళ్ల అన్నం గంటను మన లెక్కలో కలపడం ఏం న్యాయం? రెండు వైపులా పనిచేసిన గంటలనే కొలవాలి.

నెల మధ్యలో చేరితే ఇంకా జాగ్రత్త అవసరం. ఒకటో తేదీ సోమవారమైన 30 రోజుల నెలలో 12న, శుక్రవారం చేరారనుకోండి. క్యాలెండర్ ప్రకారం 30లో 19 రోజులు మీవి, కాబట్టి 5,146 రావాలి. పనిదినాల ప్రకారం 22లో 13 మీవి, అప్పుడు 4,801. రెండూ వాడుకలో ఉన్న పద్ధతులే. ఏదో ఒకటి ముందే ఒప్పుకుంటే చాలు. పైన పనిదినాలు, కింద క్యాలెండర్ రోజులు పెట్టి 13ను 30తో భాగిస్తే మాత్రం చేతికి వచ్చేది 3,521. ఇలా లెక్కించే దుకాణాలూ ఉంటాయి. అది మోసమని అనలేను, చాలాసార్లు అలవాటు. నష్టం మాత్రం నష్టమే.

పండగ రద్దీకి ఒక గంట ఎక్కువ ఉండమంటే దాని ధర తెలియాలి. వారానికి ఆరు రోజుల పని ఉన్న చోట నెలకు 26 పనిదినాలని లెక్క. గ్రాట్యుటీ (ఏళ్ల తరబడి పనిచేసి మానేసేవాళ్లకు ఇచ్చే మొత్తం) విషయంలో కూడా ఒక రోజు జీతం తేల్చడానికి చట్టం నెల జీతాన్ని 26తోనే భాగిస్తుంది. 26ను 8తో హెచ్చిస్తే 208 గంటలు. 15,600ను 208తో భాగిస్తే గంటకు 75 రూపాయలు. 30 రోజులతో లెక్కిస్తే 65కు దిగిపోతుంది. ఆదివారం సెలవు ఇచ్చి, దాన్ని పనిదినంగా లెక్కపెట్టడం కుదరదు.

ఆ గంట రేటును కార్మిక శాఖ ఆ పనికి ప్రకటించిన కనీస వేతనంతో ఒకసారి పోల్చండి. పూర్తికాలం జీతమే దానికంటే తక్కువైతే, అందులోంచి తీసిన మన వాటా కూడా తక్కువే అవుతుంది.

పీఎఫ్ కోత ఉంటే మీ గంటల ప్రకారం తేలిన జీతం మీదే వేయాలి, 15,600 మీద కాదు. దారి ఖర్చుల భత్యాన్ని గంటల చొప్పున తగ్గిస్తే ఊరుకోకండి. ఐదు గంటలు పనిచేసినా ఎనిమిది గంటలు పనిచేసినా బస్సు టికెట్టు ధర ఒకటే.

ఇవన్నీ చేరకముందే తేల్చుకోవాలి, చేరాక అడిగితే గొడవలా కనిపిస్తుంది. మా అమ్మాయి ఫోనులో యజమానికి ఇలా పంపింది: "అన్నా, వారానికి 25 గంటలు, నెలకు 8,125. ఈ నెలకు 22లో 13 రోజుల జీతం. అదనపు గంటకు 75. సరేనా?" గంట తర్వాత జవాబు వచ్చింది: "సరే అమ్మా, రేపు నాలుక్కల్లా వచ్చేయ్."