చివరి ఇంటి కుళాయి దగ్గర మొదలుపెట్టండి: చిన్న ఊళ్ళో తాగునీటిని పరీక్షించుకునే పద్ధతి

ఒడిశాలో వంశధార ఒడ్డున గుణుపూరు, కాశీనగరం చుట్టుపక్కల, మహేంద్రతనయ ఒడ్డున పర్లాకిమిడి చుట్టుపక్కల ఉన్న మన తెలుగు పల్లెల్లో మొన్నమొన్నటి వరకు వేసవి వస్తే ఆడవాళ్ళు ఏటి ఇసుకలో చెలమలు తవ్వి, ఊరిన నీటిని గిన్నెతో తోడి బిందెలు నింపుకునేవారు. ఆ చెలమనే ఒడియావారు చువా అంటారు. 2019 ఆగస్టు 15న కేంద్రం ప్రకటించిన జల్ జీవన్ మిషన్, దానికి తోడు ఒడిశా ప్రభుత్వపు బసుధా పథకం వల్ల ఇప్పుడు చాలా గడపల ముందు కుళాయి ఉంది. మనిషికి రోజుకు 55 లీటర్లు అందాలన్నది మిషన్ పెట్టుకున్న లెక్క. నీరు ఇంటి ముందుకు రావడం ఎంత మేలో బిందెలు మోసిన నడుములకే తెలుసు. అయితే వచ్చిన నీరు తాగదగినదా కాదా అని రోజూ చూసుకునే పని ఊరివాళ్ళ మీదే ఉంది. మా ఊరి నీటి సంఘంలో ఆ పని చేస్తూ నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

ఒక వర్షాకాలంలో మా ఊరి చివరి వీధి పిల్లలకు వరుసగా విరేచనాలు పట్టుకున్నాయి. ట్యాంకు దగ్గర పట్టిన నీటిని పరీక్షకు పంపిస్తే బాగానే ఉందని చీటీ వచ్చింది. అందరూ తినే తిండిని అనుమానించారు. నాలుగు రోజుల తర్వాత అదే వీధి చివరి ఇంటి కుళాయి నీటిని, మలం కలిస్తే నల్లబడే పరీక్ష సీసాలో పట్టి వంటింటి అటక మీద పెడితే, మర్నాటికి అది సిరాలా నల్లబడింది. వెతుక్కుంటూ వెళ్ళగా, పైపు మురుగు కాలువను దాటే చోట జాయింటుకు సైకిల్ ట్యూబు ముక్క చుట్టి ఉంది, దాని మీదుగా మురుగు పారుతోంది. ట్యాంకులో నీరు నిజంగానే మంచిది. ట్యాంకుకూ బిందెకూ మధ్య అది చెడిపోయింది.

ఇలా జరగడానికి కారణం మనకు నీరు వదిలే పద్ధతిలోనే ఉంది. ఉదయం ఒక గంట, సాయంత్రం ఒక గంట నీరు వదిలి మిగతా సమయమంతా వాల్వ్ కట్టేస్తారు. నీరు పారుతున్నంతసేపు పైపులో ఒత్తిడి ఉంటుంది కాబట్టి చిల్లు ఉంటే నీరు బయటికి కారుతుంది. వాల్వ్ కట్టగానే పల్లంలో ఉన్న ఇళ్ళు మిగిలిన నీటిని లాగేసుకుంటాయి, పైపు ఖాళీ అవుతుంది, అదే చిల్లు గుండా చుట్టూ ఉన్న మురుగు లోపలికి పీల్చుకుపోతుంది. కుళాయికి నేరుగా మోటారు తగిలించి నీరు లాగే ఇళ్ళు ఉంటే ఈ పీల్పు ఇంకా ఎక్కువవుతుంది. ఆ మోటార్ల వల్ల పక్కింటికి నీరు తగ్గుతుందని గొడవ పడతారు గానీ, ఆ మోటారు మొత్తం వీధి పైపులోకి మురుగును రప్పించగలదన్న సంగతి ఎవరూ తలచరు. కాబట్టి ఏ పరీక్షయినా ట్యాంకు నుంచి అత్యంత దూరాన, పల్లంలో ఉన్న చివరి కుళాయి దగ్గర మొదలుపెట్టి వెనక్కి నడవాలి.

ముందు ఒక రోజు పంపు ఆపరేటర్‌ను, వార్డు మెంబరును, పాత పైపు దారి గుర్తున్న పెద్దవాళ్ళను వెంటబెట్టుకుని నీరు వదిలిన సమయంలో ఊరంతా నడవండి. ఒక తెల్ల కాగితం మీద ట్యాంకు, వాల్వులు, పైపు మురుగు కాలువను దాటే చోట్లు, పెంటకుప్పలు, మరుగుదొడ్ల గుంతలు, నేల ఎప్పుడూ తడిగా ఉండే చోట్లు గుర్తు పెట్టుకోండి. ప్రతి వాల్వ్ గుంత మూత తీసి చూడండి. గుంతలో నీరు నిలిచి ఉంటే, ఆ నీరు వాల్వ్ సందుల గుండా పైపులోకి పోయే అవకాశం ఉందని అర్థం. భూమట్టానికి పల్లంగా గుంత తవ్వి అందులో కుళాయి పెట్టుకున్న ఇళ్ళు మన వైపు చాలా ఉన్నాయి, నీరు సన్నగా వచ్చే వీధుల్లో ఇది మరీ ఎక్కువ. అటువంటి గుంతల్లో కడుగునీరు నిలిచి కుళాయి మూతి మునిగిపోతుంది. వాటిని రాసి పెట్టుకుని ముందుగా ఎత్తు చేయించాలి.

ఆ తర్వాత చేయాల్సింది మిగులు క్లోరిన్ పరీక్ష. ట్యాంకులో కలిపిన క్లోరిన్ క్రిములను చంపిన తర్వాత ఇంకా కొంత నీటిలో మిగిలి ఉండాలి, దారిలో ఏదైనా కలిస్తే దాన్ని ఎదుర్కొనేది ఆ మిగులే. భారతీయ ప్రమాణాల సంస్థ తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం అది లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. పరీక్ష కిట్‌లోని చిన్న గాజు గొట్టంలో గీత వరకు నీరు పట్టి, ఇచ్చిన మందు వేసి ఊపితే, కిట్ రకాన్ని బట్టి గులాబీ రంగు గానీ పసుపు రంగు గానీ వస్తుంది. దాన్ని పక్కనున్న రంగుల పట్టీతో పగటి వెలుతురులో పోల్చి చూడాలి. రంగు రాకపోతే క్లోరిన్ లేదని అర్థం. జల్ జీవన్ మిషన్ కింద ప్రతి ఊరిలో ఐదుగురు మహిళలకు ఈ కిట్ వాడకంలో శిక్షణ ఇవ్వాలి. మీ ఊరి కిట్ బీరువాలో ఉందేమో అడగండి, మందు గడువు తేదీ చూసుకోండి.

నీరు ఎప్పుడు పట్టాలన్న విషయంలో ఎక్కువమంది పొరపాటు పడతారు. ప్రయోగశాలకు పంపే నీటిని కుళాయి కాసేపు వదిలాక పట్టమంటారు. ఊరి నీటి వనరు ఎలా ఉందో తెలుసుకోవడానికి అది సరైన పద్ధతే. అయితే పైపులోకి పీల్చుకున్న మురుగు వాల్వ్ తెరిచిన తొలి నిమిషాల్లోనే బయటపడి కొట్టుకుపోతుంది కాబట్టి, ఐదు నిమిషాలు ఆగి పట్టిన నీటిలో ఆ జాడ దొరక్కపోవచ్చు. అందుకే చివరి కుళాయి దగ్గర రెండుసార్లు పట్టండి: నీరు రాగానే ఒకటి, ఐదు నిమిషాల తర్వాత ఇంకొకటి. మొదటి దానిలో క్లోరిన్ సున్నా వచ్చి రెండో దానిలో 0.2 వస్తే, ట్యాంకులో మందు సరిపోయినట్లే, పైపులో ఎక్కడో చిల్లు ఉందేమోనని అనుమానించాలి. రెండింటిలోనూ సున్నా వస్తే వెనక్కి నడుస్తూ నడిమి వీధిలో, ఆపైన ట్యాంకు కింది కుళాయిలో చూడండి. ఏ రెండు కుళాయిల మధ్య అంకె ఒక్కసారిగా పడిపోయిందో అక్కడ తవ్వించాలి. మా చివరి ఇంటి అమ్మమ్మ మొదటి బిందె నీటిని ఎప్పుడూ మొక్కలకే పోస్తుంది. ఆమె అలవాటు వెనక ఇంత లెక్క ఉందని మాకు ఆలస్యంగా అర్థమైంది.

క్రిముల కోసం కిట్‌లో చిన్న సీసాలు వేరుగా ఉంటాయి. మూత లోపలి భాగాన్ని, సీసా మూతిని వేలితో తాకకుండా గీత వరకు నీరు నింపి, వెచ్చని చోట 24 నుంచి 48 గంటలు ఉంచితే, మలంతో కలిసిన నీరైతే అది నల్లబడుతుంది. నల్లబడితే ఆ కుళాయి నీటిని కాచకుండా తాగవద్దని ఆ రోజే వీధిలో చాటింపు వేయించి, ప్రయోగశాల పరీక్షకు పంపాలి. ప్రమాణం ప్రకారం 100 మిల్లీలీటర్ల నీటిలో, మలంలో ఉండే ఇ.కోలై (E. coli) అనే క్రిమి ఒక్కటి కూడా కనబడకూడదు. ప్రయోగశాలవారు ఇచ్చే శుభ్రపరచిన సీసాలోనే నీరు పట్టాలి, ఎందుకంటే క్లోరిన్ పనిని ఆపే మందు అందులో ముందే వేసి ఉంటుంది, దాన్ని కడగకూడదు. ఐసు పెట్టెలో ఉంచి వీలైతే ఆరు గంటల లోపల చేర్చాలి. కాశీపూర్ బ్లాకులో 2007లోనూ, మళ్ళీ 2022 జూలైలోనూ కలరా వచ్చి ప్రాణాలు పోయాయి. అది మన రాయగడ జిల్లాలోనిదే. నల్లబడిన సీసాను చూసి రేపు చూద్దామనుకోవడం ఈ ప్రాంతంలో ఎవరూ చేయకూడని పని.

ట్యాంకులో క్లోరిన్ కోసం వేసే బ్లీచింగ్ పౌడర్ లెక్క కష్టమేమీ కాదు గానీ, గుప్పెడు కొలతతో వేయడం వల్ల ఒకరోజు నీరు కంపు కొట్టి, ఇంకోరోజు మందు చాలకుండా పోతుంది. గుండ్రటి ట్యాంకు అడ్డుకొలత 3 మీటర్లు, నీటి ఎత్తు 2 మీటర్లు అనుకుంటే, 3.14 × 1.5 × 1.5 × 2 లెక్కన సుమారు 14 ఘనపు మీటర్లు, అంటే 14,000 లీటర్లు. లీటరుకు 2 మిల్లీగ్రాముల క్లోరిన్ చొప్పున 28 గ్రాములు కావాలి. తాజా పౌడర్‌లో సుమారు 33 శాతం క్లోరిన్ ఉంటుంది, నిల్వ ఉన్నదాంట్లో 25 శాతం ఉందనుకుంటే 112 గ్రాములు తూచి వేయాలి. మూటకట్టి మూల పడేసిన పౌడర్ తేమ పట్టి గడ్డలుగా అయితే దాని బలం పోయినట్లే. కొలతకు తక్కెడ కొనుక్కోండి, ఊరికి అంతకు మించిన మంచి ఖర్చు లేదు.

పౌడర్‌ను ప్లాస్టిక్ బకెట్‌లో కొంచెం నీటితో ముద్దగా కలిపి, తర్వాత బకెట్ నిండా నీరు పోసి బాగా కలియబెట్టి, పావుగంట కదపకుండా ఉంచాలి. సున్నం అడుగుకు దిగిపోయాక పైన తేరిన నీటిని మాత్రమే ట్యాంకులో పోయాలి, అడుగు మడ్డిని పోస్తే కుళాయిలు పూడుకుపోతాయి. ట్యాంకు నిండుతున్న సమయంలో పోస్తే మందు దానంతటదే కలుస్తుంది. ఆ తర్వాత కనీసం అరగంట ఆగి వాల్వ్ తెరవాలి. ట్యాంకు దగ్గర 0.5, చివరి కుళాయి దగ్గర 0.2 వచ్చేటట్లు నాలుగైదు రోజులు మోతాదు సరిచేసుకుంటే మీ ఊరి కొలత మీకు తెలిసిపోతుంది. ముక్కుకు గుడ్డ, చేతులకు తొడుగులు లేకుండా ఈ పని చేయవద్దు. మరుగుదొడ్లు కడిగే యాసిడ్‌తో బ్లీచింగ్ పౌడర్ కలిస్తే ప్రాణాంతకమైన వాయువు పుడుతుంది, కాబట్టి రెండింటినీ ఒకే గదిలో కూడా పెట్టవద్దు.

వంశధారలో కొత్త నీరు వచ్చినప్పుడు నీరు ఎర్రమట్టి రంగులో దిగుతుంది. మట్టి రేణువుల మాటున క్రిములు దాక్కుంటాయి, క్లోరిన్‌లో కొంత ఆ బురదతోనే ఖర్చయిపోతుంది. కాబట్టి నీటిని ముందు తేర్చకుండా మందు పెంచుకుంటూ పోవడం వల్ల ఫలితం ఉండదు. ఊరి పథకంలో వడపోత ఉంటే ఇసుక కడిగించండి, లేకపోతే ఇంట్లో పటికతో తేర్చి, గుడ్డలో వడకట్టి, తర్వాత కాచుకోవాలి. నీరు కుతకుతా మరగడం మొదలయ్యాక ఒక్క నిమిషం ఉంచితే చాలు, గంటసేపు కట్టెలు తగలేయనక్కర లేదు. చల్లారిన నీటిని మూత ఉన్న కుండలో పోసి, పొడవాటి కాడ ఉన్న గరిటెతో తీసుకోండి. చేతిలోని గ్లాసును కుండలో ముంచితే అప్పటిదాకా పడ్డ శ్రమంతా పోయినట్లే.

కాచినా పోనివి కొన్ని ఉన్నాయి. ఫ్లోరైడ్, నైట్రేట్ వంటివి మరిగిస్తే తగ్గవు, నీరు ఆవిరైన కొద్దీ కొంచెం చిక్కబడతాయి. బోరు నీరు వాడే ఊళ్ళు ఏడాదికి ఒకసారైనా వీటిని ప్రయోగశాలలో చూపించుకోవాలి: ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపల ఉండటం మేలు, 1.5 దాటకూడదు, నైట్రేట్ 45 దాటకూడదు. పట్టి ఉంచిన నీరు కాసేపటికి పసుపుపచ్చగా మారి అడుగున తుప్పు రంగు మడ్డి దిగితే అది ఇనుము. దానివల్ల బట్టలకు మరకలు పడతాయి, రుచి చెడుతుంది గానీ భయపడాల్సినంత ప్రమాదం కాదు.

నీటిని శుద్ధి చేసే యంత్రాలు అమ్మేవాళ్ళు టీడీఎస్ మీటర్ ముంచి అంకె చూపించి, మీ నీరు విషమని బెదిరిస్తారు. ఆ మీటర్ కరిగిన లవణాలను మాత్రమే కొలుస్తుంది, ఒక్క క్రిమిని కూడా చూడలేదు. కొండ ఊట నీటిలో లవణాలు తక్కువగానే ఉంటాయి, అయినా పైన పశువులు తిరిగితే అందులో క్రిములు ఉండవచ్చు. టీడీఎస్ 500 లోపల ఉన్న ఊరికి ఆర్‌ఓ యంత్రం అవసరమని నేను అనుకోను. ఆ డబ్బుతో పైపు జాయింట్లు మార్పించుకోవడం మంచిది.

ట్యాంకును ఆరు నెలలకొకసారి, వర్షాలకు ముందు తప్పనిసరిగా కడిగించి, కడిగిన తేదీని దాని మీదే రంగుతో రాయించండి. గాలి గొట్టానికి జాలీ, మనిషి దిగే రంధ్రానికి తాళం ఉన్నాయో లేదో అదే రోజు చూసుకోవాలి.

చూసిన అంకెలన్నీ వారానికి ఒకసారి గావ్ కల్యాణ్ సమితి (ఊరి ఆరోగ్య, పారిశుధ్య సంఘం) వారి స్వాస్థ్య కంథ మీద, అంటే ఆరోగ్య సమాచారం రాసే గోడ మీద, ఒడియాలోనూ, పక్కనే తెలుగులోనూ రాయండి. చదవడం రానివాళ్ళ కోసం మంచి నీటికి పచ్చ చుక్క, చెడ్డ నీటికి ఎర్ర చుక్క పెడితే సరిపోతుంది. మరమ్మతు కోసం నోటిమాటగా అడిగితే ఎవరూ పట్టించుకోరు. పల్లీ సభలో, అంటే ఊరివాళ్ళందరి సభలో, తీర్మానం చేయించి, ఏ కుళాయిలో ఏ తేదీన ఎంత అంకె వచ్చిందో పట్టిక జతచేసి, ఒడియాలో అర్జీ రాయించి గ్రామీణ నీటి సరఫరా విభాగపు జూనియర్ ఇంజనీరుకు ఇచ్చి, నకలు మీద సంతకం తీసుకోవాలి. ఒడియా రాయడం మనలో పెద్దవాళ్ళకు రాకపోవచ్చు గానీ, బడికి వెళ్ళే పిల్లలకు వచ్చు, వాళ్ళ చేత రాయించండి.

జాయింటు మార్చిన రోజున పని అయిపోయిందని వదిలేయకండి. తవ్వినప్పుడు పైపులోకి మట్టి, మురుగు పడే ఉంటుంది. చివరి కుళాయి తెరిచి నీరు తేటపడే వరకు పోనిచ్చి, ఆ రోజు ట్యాంకులో మందు కొంచెం పెంచి, మర్నాడు ఉదయం వాల్వ్ తెరవగానే మొదటి నీటిలో క్లోరిన్ చూసి, మళ్ళీ ఒక సీసా పెట్టండి. రెండు రోజులకు కూడా ఆ సీసా నల్లబడకపోతే, గోడ మీది ఎర్ర చుక్కను చెరిపి పచ్చ చుక్క పెట్టవచ్చు.